పడని లోహం

చర్మవైద్యుడిగా రిటైరై చాలా ఏళ్ళయింది. బోర్డు తీసేసినా రోగులు తగ్గలేదు. పెళ్ళి భోజనాల దగ్గర పక్కనావిడ చెవి తమ్మె ముందుకు వంచి చూపిస్తుంది. ప్రహరీ గోడ కడుతున్న మేస్త్రి అరచేతులు చాపుతాడు. మనవరాలి స్నేహితురాలు వాచీ విప్పి మణికట్టు చూపిస్తుంది. ముగ్గురి జబ్బూ ఒకటే, లోహం పడక వచ్చే ఎగ్జిమా. దీని గురించి పుస్తకాల్లో చదివింది కొంత, రోగులు నేర్పింది కొంత కలిపి, ఈ విద్యలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం అప్పుడప్పుడూ రాసిపెట్టుకున్న ముక్కలివి. వైద్యం చదవనివాళ్ళకూ అందేలా కాస్త విప్పి రాశాను. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. వరసకు పెద్ద అర్థం లేదు.

1. మచ్చ కంటే ముందు చోటు చూడాలి

ఎగ్జిమా ఏ కారణంతో వచ్చినా చూపుకు ఒకేలా ఉంటుంది. మొదట ఎరుపు, దురద, సన్నటి నీటి పొక్కులు, రసి. తర్వాత పొలుసులు. నెలల తరబడి గోకితే నల్లగా మందంగా మొద్దుబారిన చర్మం. దాన్ని ఎంతసేపు భూతద్దంలో చూసినా కారణం చెప్పదు. అది వచ్చిన చోటు చెబుతుంది. చెవి తమ్మెలు, మెడ చుట్టూ గొలుసు ఆనే గీత, వాచీ బకిలు కింద చదరం, బొడ్డు కింద జీన్సు గుండీ తగిలే చోటు, గుండెల మీద మంగళసూత్రం వేలాడే చోటు. వీటిలో ఏ రెండు కలిసి కనబడినా నికెల్ గురించి అడగకుండా రోగిని పంపకూడదు.

మంగళసూత్రం అన్నానని బంగారాన్ని అనుమానించకండి. మన ఆడవాళ్ళు అవసరానికి పనికొస్తుందని నల్లపూసలకో గాజుకో రెండు పిన్నీసులు తగిలించుకుంటారు. ‘ఒంటిమీద ఇంకేం ఉన్నాయమ్మా?’ అంటే ‘బంగారం తప్ప ఏమీ లేదండీ’ అని జవాబు. పిన్నీసు వాళ్ళ లెక్కలో నగ కాదు. విదేశీ పాఠ్యపుస్తకాల్లో ఈ చోటు ఉండదు, మన ఓపీలో రోజూ ఉంటుంది.

ఈ చోట్లు కాలాన్నిబట్టి మారాయి కూడా. 19వ శతాబ్దం చివర్లో యూరప్‌లో నికెల్ పూత పనిచేసే కార్మికుల చేతులకే ఈ జబ్బు వచ్చేది. 1950ల్లో లండన్ వైద్యుడు కాల్నన్ వర్ణించిన రోగుల్లో అది తొడల మీద ఉండేది. మేజోళ్ళు జారకుండా పట్టే సస్పెండర్ల లోహపు కొక్కేలు అక్కడ ఆనేవి. తర్వాత జీన్సు గుండీలు వచ్చాయి, ఆ తర్వాత గిల్టు దుద్దులు వచ్చాయి. జబ్బును ఒంటి మీద అటూ ఇటూ జరిపింది ఫ్యాషనే.

2. ఎంత నికెల్ ఉందని అడక్కండి, ఎంత కరుగుతోందని అడగండి

వంటింట్లో మంచి రకం స్టీలులో, బజారులో 304 అని పిలిచేదానిలో, నూటికి దాదాపు 8 పాళ్ళు నికెలే. అయినా నికెల్ పడనివాళ్ళు ఆ గ్లాసుతో రోజూ మంచినీళ్ళు తాగుతారు, ఏమీ కాదు. అందులోనే 18 పాళ్ళ వరకూ ఉండే క్రోమియం గాలి తగిలీ తగలగానే కంటికి కనబడని ఆక్సైడు పొర కట్టి నికెల్‌ను లోపలే ఆపేస్తుంది. ఇత్తడి మీదో ఇనుము మీదో నికెల్ పూత పూసిన కొక్కెంలో మొత్తంమీద నికెల్ అంతకంటే తక్కువే ఉండొచ్చు, కాని ఉన్నదంతా పైనే ఉంది. చెమటలోని ఉప్పు, లాక్టిక్ ఆమ్లం కలిసి దాన్ని కొంచెం కొంచెం కొరుకుతాయి. అలా కరిగి అయాన్‌గా మారిన నికెల్ మాత్రమే చర్మంలోకి ఇంకగలదు. ఘనంగా ఉన్న లోహంతో చర్మకణాలకు పని లేదు.

మే నెలలో ఈ కేసులు పెరగడానికి కారణం ఇదే. రోగులు ‘వేడి చేసిందండీ’ అంటారు. నేను కాదనను, కాని మజ్జిగ తాగినందువల్ల గుండీ కింద చెమట ఆగదు. గుండీ మార్చమంటాను.

యూరప్‌వాళ్ళు 1994లో నికెల్ మీద చట్టం తెచ్చినప్పుడు ఈ కిటుకు పట్టుకున్నారు. చర్మానికి చాలాసేపు ఆని ఉండే వస్తువులోంచి చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ బయటికి రాకూడదన్నారు. కుట్టిన రంధ్రంలో దూరే కాడలకు మాత్రం మొదట అందులో ఎంత నికెల్ ఉందన్న హద్దే పెట్టారు, 2004లో దాన్ని విడుదలకు మార్చి 0.2 అన్నారు. మిగతా వస్తువుల్లో ఎంత ఉందన్న గొడవ పెట్టుకోలేదు. తమాషా ఏమిటంటే, వాళ్ళ సొంత యూరో నాణేలు చేతికొచ్చిన ఏడాదే, 2002లో, ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 1, 2 యూరోల నాణేలను కృత్రిమ చెమటలో నానబెడితే, నగలకు పెట్టిన హద్దుకు 240 నుంచి 320 రెట్ల నికెల్ విడుదలైంది. ఈ నాణేల్లోలా రెండు వేర్వేరు మిశ్రలోహాలు పక్కపక్కన ఉండి మధ్యలో ఉప్పునీరు చేరితే సన్నటి విద్యుత్తు పుట్టి ఒకటి కరగడం మొదలుపెడుతుంది. నాణెం చేతిలో ఉండేది క్షణకాలమే కాబట్టి చాలామందికి హాని లేదు. రోజంతా చిల్లర లెక్కపెట్టే క్యాషియర్ సంగతి వేరు.

ఏ వస్తువు నికెల్ విడుస్తోందో తెలుసుకోవడానికి డైమిథైల్‌గ్లయాక్సిమ్ అనే రసాయనం ఉంది. దాన్ని, అమ్మోనియాను చెరో చుక్క దూదిపుల్ల మీద వేసి నగను అరనిమిషం రుద్దితే, నికెల్ ఉంటే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. రోగితో నగల డబ్బా తెప్పించుకుని బల్ల మీద ఒక్కొక్కటీ రుద్దడం నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన పని. దుద్దు ముందువైపు దూది తెల్లగానే ఉంటుంది, వెనక శీల దగ్గరికొచ్చేసరికి ఎర్రబారుతుంది. అరగంట ఉపన్యాసం చేయలేని పని ఆ రంగు చేస్తుంది.

3. ‘ఇన్నాళ్ళూ పడింది కదా’ అన్నది అభ్యంతరం కాదు, రోగ చరిత్రే

‘ఇరవయ్యేళ్ళుగా ఇలాంటివే పెట్టుకుంటున్నాను డాక్టరుగారూ, ఇప్పుడు ఎందుకు పడవు?’ ఈ ప్రశ్నకు విసుగు లేకుండా జవాబు చెప్పడం నేర్చుకోవాలి. అది చెప్పాలంటే చర్మం లోపల జరిగేది కొంత తెలియాలి.

నికెల్ అలర్జీ పుట్టుకతో ఎవరికీ ఉండదు, పరిచయం తర్వాతే వస్తుంది. చర్మం పైపొరలో నూటికి తొంభైకి పైగా కెరటినోసైట్లు అనే కణాలు. వాటిని కేవలం గోడ అని అనుకున్న రోజులుండేవి. ఇప్పుడు తెలిసిందేమిటంటే, వాటికి దెబ్బ తగిలినా, రసాయనం సోకినా ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ లాంటి ప్రోటీన్లను వదిలి చుట్టుపక్కల కణాలకు కబురు పెడతాయి. వాటి నడుమ చేతులు చాచుకుని అక్కడక్కడా లాంగర్‌హాన్స్ కణాలుంటాయి. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ బెర్లిన్‌లో ఇంకా వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు, చర్మం ముక్కకు బంగారం లవణం పట్టించి వీటిని మొదటిసారి చూశాడు. ఆకారం చూసి నరాల తాలూకు కణాలనుకున్నాడు. వీటి అసలు పని తేలడానికి వందేళ్ళు పట్టింది. 1970ల్లో అమెరికాలో ఇంగా సిల్బర్‌బర్గ్ అనే వైద్యురాలు పాదరసం పడని మనుషుల చర్మాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే, తెల్లకణాలు ఈ లాంగర్‌హాన్స్ కణాలను ఆనుకుని నిలబడి ఉన్నాయి. బంగారం చూపించిన కణం గుట్టు పాదరసం విప్పింది. లోహాల జబ్బు కథలో ఇది నాకు నచ్చే మలుపు.

ఇవి ఊరి పొలిమేర కావలివాళ్ళ లాంటివి. కొత్త ముఖం కనబడితే పట్టుకుంటాయి, కాని తీర్పు ఊళ్ళోనే జరగాలి. ఇక్కడ ఒక చిక్కుంది. నికెల్ అయాన్ మరీ చిన్నది, దాన్ని ఒంటరిగా రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టలేదు. మన సొంత ప్రోటీన్లలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నచోట అతుక్కుని, ఆ ప్రోటీన్ రూపాన్ని కాస్త మార్చినప్పుడే అది పరాయిదిగా కనబడుతుంది. ఇలా మరొకదాన్ని ఆనుకుని అలర్జీ పుట్టించే చిన్న పదార్థాలను హాప్టెన్లంటారు.

అయితే పరాయిదైనంత మాత్రాన గొడవ మొదలవదు, ప్రమాదం అన్న సంకేతం కూడా అందాలి. నికెల్ ఆ సంకేతాన్ని తనే ఇచ్చుకోగలదని 2010లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. మన కణాల మీద టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకం ఉంటుంది. దాని మామూలు పని కొన్ని రకాల బాక్టీరియాల పైతొడుగును పసిగట్టడం. మనిషి టీఎల్‌ఆర్-4లో ఒక చోట రెండు హిస్టిడిన్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నికెల్ సరిగ్గా అక్కడ కూర్చుంటుంది, కణం బాక్టీరియా వచ్చిందనుకుని కంగారుపడుతుంది. ఎలుకల గ్రాహకంలో ఆ హిస్టిడిన్లు లేవు. అందుకే బాక్టీరియా పదార్థం ఏదైనా కలపకుండా ఎలుకలకు నికెల్ అలర్జీ తెప్పించడం కష్టమయ్యేది. మనిషి గ్రాహకం పెట్టిన ఎలుకలకు అలర్జీ వచ్చింది. కోబాల్ట్ కూడా ఇదే దారి తొక్కుతుందని తర్వాత తేలింది. లోకంలో అన్నిటికంటే ఎక్కువమందికి పడని లోహం నికెలే ఎందుకయిందన్న ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు ఇదే. ఎలుకల్లో లేని జబ్బు మనకెందుకు ఉందని చాలాకాలం తల గోక్కున్నవాళ్ళం కాబట్టి, ఆ వ్యాసం చదివిన రోజు చాలా సంతోషమేసింది.

సంకేతం అందుకున్న లాంగర్‌హాన్స్ కణాలు, వాటి కింద పొరలోని బంధు కణాలు చర్మం వదిలి దగ్గర్లోని శోషరస గ్రంథికి పోతాయి. చెవి తమ్మె నుంచైతే మెడకు. అక్కడ వేలకొద్దీ ఉండే టీ-కణాలనే తెల్లకణాల్లో నికెల్‌తో మారిన ఆ రూపానికి సరిపోయేది ఎదురైతే, అది పిల్లలు పెట్టి సైన్యమవుతుంది. ఇదంతా జరగడానికి తక్కువలో తక్కువ పది పధ్నాలుగు రోజులు. ఈ దశలో చర్మం మీద ఏమీ కనబడదు. కొత్త టీ-కణాల్లో కొన్ని మళ్ళీ చర్మానికే చేరే గుర్తులు తొడుక్కుని ఒంటినిండా తిరుగుతుంటాయి.

ఇక ఇరవయ్యేళ్ళు ఎందుకు ఆగింది? అలర్జీ లేనివాళ్ళ రక్తంలోనూ నికెల్‌ను గుర్తుపట్టే టీ-కణాలు దొరుకుతాయి. వాళ్ళలో వాటిని అదుపు చేసే మరో రకం టీ-కణాలు బలంగా ఉంటాయి. త్రాసు ఎప్పుడైనా మొగ్గొచ్చు. రంధ్రం పుండుపడినప్పుడు, సబ్బునీళ్ళలో చర్మం నానినప్పుడు, పాత నగకు పూత అరిగి కిందిది బయటపడినప్పుడు. ఒక మనిషిలో సరిగ్గా ఏది మొగ్గు తిప్పిందో చెప్పే పరీక్ష లేదు. రోగికి ఆ మాటే చెప్పండి, కథలు అల్లకండి.

4. ఇవాళ తిన్నది అడగొద్దు, మొన్న పెట్టుకున్నది అడగండి

రొయ్య పడనివాడికి తిన్న అరగంటలో దద్దుర్లొస్తాయి. లోహం పడనివాళ్ళకు దుద్దు పెట్టుకున్న ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎగ్జిమా వస్తుంది. పెళ్ళిలో పెట్టుకున్న గిల్టు హారం వల్ల పదహారు రోజుల పండుగ ఏర్పాట్ల మధ్యలో దురద మొదలైతే, వంటలో వంకాయ మీద నింద పడుతుంది.

ఆలస్యం ఎందుకంటే, ఈ పని చేసేది యాంటీబాడీలు కాదు, కణాలే నడిచి రావాలి. 1942లో లాండ్‌స్టైనర్, చేజ్ దీన్ని గినీపందుల్లో తేల్చారు. అలర్జీ ఉన్న జంతువు రక్తపు సీరం ఎక్కిస్తే అలర్జీ రాలేదు, తెల్లకణాలు ఎక్కిస్తే వచ్చింది. మనలోనూ అంతే. నికెల్ మళ్ళీ ఇంకగానే కెరటినోసైట్లు కబురు పెడతాయి, రక్తనాళాల గోడలు అంటుకునే గుణం తెచ్చుకుంటాయి, దారిన పోయే టీ-కణాలు అక్కడ దిగుతాయి. వాటిలోంచి ఇంటర్‌ఫెరాన్-గామా, ఇంటర్‌ల్యూకిన్-17 లాంటివి విడుదలవుతాయి. కబురు పెట్టిన కెరటినోసైట్లనే టీ-కణాలు చంపుతాయి. బతికినవాటి మధ్య పట్లు సడలి సందుల్లో నీరు చేరుతుంది. ఆ నీరే మనం చూసే పొక్కు.

గొడవ ముగిశాక కొన్ని టీ-కణాలు తిరిగి వెళ్ళవు, అక్కడే కాపురం పెడతాయి. అందుకే మానిన చెవి తమ్మె మీద ఒక్క పూట గిల్టు దుద్దు పెట్టినా, కొత్త చోటు కంటే అక్కడ ముందుగా ఎర్రబడుతుంది. ‘ఒక్క పూటే కదా తల్లీ’ అనే అమ్మమ్మలకు ఈ సంగతి చెప్పాలి.

5. రక్తపరీక్షల ఫైలు పక్కన పెట్టి వీపు చూడండి

రోగులు ఐజీఈ అలర్జీ పరీక్షల రిపోర్టు పెద్ద ఫైలుగా పట్టుకొస్తారు. దుమ్ము, బొద్దింక, వేరుశనగ అని వరసగా పేర్లు. ఈ జబ్బులో ఐజీఈ అనే యాంటీబాడీకి పాత్ర లేదు, ఆ డబ్బు వృథా. కావలసింది ప్యాచ్ టెస్టు. 1895లో యాడసోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు పాదరసం మలాం పడని రోగుల ఒంటి మీద చిన్న చోట అదే మలాం అంటించి జబ్బును మళ్ళీ పుట్టించి చూపాడు. పద్ధతి ఇప్పటికీ అదే. నికెల్ సల్ఫేటు 5 శాతం, కోబాల్ట్ క్లోరైడు 1 శాతం, పొటాషియం డైక్రోమేటు అర శాతం, ఒక్కొక్కటీ వాసెలిన్‌లో కలిపి 8 మిల్లీమీటర్ల బిళ్ళల్లో వీపుకు అంటిస్తాం. 48 గంటలకు తీసి చూస్తాం, నాలుగో రోజు మళ్ళీ చూస్తాం. లోహాలకైతే వారం తర్వాత కూడా ఒకసారి చూడటం మేలు, నికెల్ కొందరిలో నింపాదిగా వస్తుంది.

చదవడంలోనే ఉంది విద్య అంతా. చేయి పెట్టి తడిమితే గట్టిగా తగలాలి, సన్నటి పొక్కులు ఉండాలి, దురద ఉండాలి. లోహాల బిళ్ళల కింద చిన్న చిన్న చీముపొక్కులొస్తే అది చాలాసార్లు చర్మం మంటెక్కడమే, అలర్జీ కాదు. కోబాల్ట్ కింద చెమట రంధ్రాల దగ్గర ఊదా చుక్కలు కనిపిస్తే, అదీ అలర్జీ కాదు. మన ఎండాకాలంలో బిళ్ళలు చెమటకు జారిపోతాయి, వీలైతే చలికాలం దాకా ఆగండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్ళకు చేస్తే తప్పుడు జవాబు రావచ్చు.

టెస్టు పాజిటివ్ అయినంత మాత్రాన ఈ మనిషి ఈ మచ్చకు అదే కారణమని కాదు. మళ్ళీ నగల డబ్బా దగ్గరికి రావాలి.

6. మేస్త్రి చేతికి తోలు గ్లవుజులు ఇవ్వకండి

క్రోమియం కథ నికెల్ కథకు తలకిందులు. సిమెంటు క్లింకరును 1450 డిగ్రీల దాకా కాల్చేటప్పుడు ముడిసరుకులోని క్రోమియం ఆరు వేలెన్సీ ఉన్న క్రోమేటుగా మారుతుంది. తడిసిన సిమెంటు గాఢమైన క్షారం, మొదట చర్మాన్ని అదే కోస్తుంది. ఆ కోతల్లోంచి క్రోమేటు దర్జాగా లోపలికి పోతుంది. చర్మం లోపల అది మూడు వేలెన్సీ క్రోమియంగా మారి ప్రోటీన్లకు అతుక్కుంటుంది. ఆ మూడు వేలెన్సీ రూపాన్నే నేరుగా పైన పెడితే అంత తేలిగ్గా లోపలికి పోదు. లోపలికి వెళ్ళే రూపం ఒకటి, కీడు చేసే రూపం ఒకటి. పైగా ఈ మార్పు జరిగేటప్పుడు కెరటినోసైట్ల లోపల ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రమాద యంత్రాంగం మేలుకుని ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వదులుతుంది. నికెల్ గ్రాహకాన్ని మోసం చేస్తుంది, క్రోమేటు కణాన్ని నిజంగానే గాయపరుస్తుంది.

విరుగుడు చాలా చవక. సిమెంటులో కొద్దిగా ఫెర్రస్ సల్ఫేటు కలిపితే క్రోమేటు ముందే మూడు వేలెన్సీకి దిగిపోతుంది. డెన్మార్క్ 1983లో దీన్ని చట్టం చేసింది, కరిగే క్రోమేటు పదిలక్షల పాళ్ళలో 2 పాళ్ళు దాటకూడదని. 2005 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా అదే హద్దు. ఆ దేశాల్లో మేస్త్రీల క్రోమేటు ఎగ్జిమా బాగా తగ్గింది. ఒక లోహపు లవణం మరో లోహాన్ని కట్టేయడం, అదీ ఏ మందుల షాపుకూ వెళ్ళకుండా! నా వృత్తి మొత్తంలో నేను రాసిన మలాములన్నీ కలిపినా అంత మేలు చేసి ఉండవు.

మన తాపీ మేస్త్రి దగ్గరికి వద్దాం. ‘ఈ పని మానెయ్ నాయనా’ అని చెప్పడం ఎవరికైనా సులువే. మానినా చాలామందిలో ఏళ్ళ తరబడి తగ్గదు, అది వేరే విషాదం. పని మానలేనివాడికి చెప్పగలిగింది: నూలు గ్లవుజుల మీద నైట్రిల్ గ్లవుజులు తొడుక్కోవాలి, సిమెంటు లోపల చేరితే వెంటనే విప్పి కడుక్కోవాలి, కాళ్ళకు రబ్బరు బూట్లు వేసుకోవాలి, పని దిగాక చేతులకు వాసెలిన్ పట్టించాలి. దయతలచి ఇంటి యజమాని కొనిచ్చే తోలు గ్లవుజులు మాత్రం వద్దు. తోలును ఎక్కువగా క్రోమియంతోనే పదును పెడతారు, అందులో కొంత క్రోమేటుగా మారి చెమటకు బయటికొస్తుంది. పాదం మీద చెప్పు వారు ఆకారంలో అచ్చుగుద్దినట్టు మచ్చలు వచ్చేది కూడా చాలాసార్లు ఇందుకే. తంగేడు చెక్క, కరక్కాయలతో పదును పెట్టిన తోలు చెప్పులు దొరికితే అవి మంచివి.

7. బంగారం చాలావరకు నిర్దోషి

916 హాల్‌మార్కు ఉన్న నగలో నూటికి 91.6 పాళ్ళు బంగారం, మిగతాది మామూలుగా రాగి, వెండి. రెండూ చర్మంతో సఖ్యంగా ఉంటాయి. తెల్ల బంగారం అన్నదాన్ని మాత్రం అడిగి కొనండి. పసుపు రంగు చంపడానికి అందులో నికెల్ గాని పల్లాడియం గాని కలుపుతారు. నికెల్ పడనివాళ్ళలో కొందరికి పల్లాడియమూ పడదు. కవరింగ్ నగలంటే చిన్నచూపు నాకు లేదు. మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్‌గోల్డు పనివాళ్ళ చేతిలో ఉన్న నైపుణ్యం చిన్నది కాదు. అడగవలసింది బంగారు పూత కింద ఏముందని. రాగి మీద నేరుగా పూస్తే బెడద తక్కువ, మధ్యలో నికెల్ పొర ఉంటే పూత అరిగిన రోజు నుంచి చిక్కు. నగ వెనక గోళ్ళరంగు పూయడం కొన్ని రోజుల ముచ్చటే, ఒరుసుకునే చోట ముందు ఊడుతుంది.

8. మూడు మందుల మలాము

మందుల షాపువాడు ఇచ్చే మలాములో బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ ఉంటాయి. స్టెరాయిడ్ టీ-కణాల నోరు నొక్కుతుంది కాబట్టి నాలుగు రోజుల్లో తగ్గుతుంది. కమ్మ మాత్రం చెవికే ఉంటుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడుతుంది. అందులోని నియోమైసిన్ కొందరికి సొంతంగా ఇంకో అలర్జీ తెస్తుంది. అప్పుడు వచ్చిన రోగిలో మొదటి జబ్బు ఏదో తేల్చడం ఎంత కష్టమో పడినవాడికే తెలుసు.

9. పథ్యం ఆఖర్న

కాయధాన్యాలు, జీడిపప్పు, వేరుశనగ, సోయా, ఓట్స్, చాక్లెట్, వీటిలో నికెల్ ఎక్కువ. బాగా సున్నితమైన కొద్దిమందిలో, తిన్న నికెల్ వల్ల కూడా అరచేతుల్లో నీటిపొక్కులు లేస్తాయి, పాత ప్యాచ్ టెస్టు చోటు మళ్ళీ ఎర్రబడుతుంది. అది నిజమే. కాని మన ఇళ్ళల్లో పప్పు మానేయమని చెప్పడమంటే మాంసకృత్తులు మానేయమన్నట్టే. నగలు, గుండీలు, పిన్నీసులు అన్నీ తీసేశాక కూడా చేతుల పొక్కులు ఆగకపోతేనే కొన్ని వారాలు పథ్యం పెట్టి చూడాలి. తగ్గకపోతే మానేయాలి. కొత్త స్టీలు గిన్నెలో చింతపండు పులుసు మరిగించడం మాత్రం తేలిగ్గా మానుకోగలిగిన పని. పులుపుకు స్టీలు కొంచెం నికెల్ విడుస్తుంది, అదీ మొదటి కొన్ని వంటల్లోనే ఎక్కువ.

10. మోకాలి ఆపరేషను భయం

‘నాకు గిల్టు నగలు పడవు, మోకాలిలో లోహం పెడతారట, ఎలాగండీ?’ అని ఫోన్లు వస్తుంటాయి. మోకాలి కీలు మార్పిడిలో వాడే కోబాల్ట్-క్రోమియం మిశ్రమంలో కొద్దిగా నికెల్ ఉండే మాట వాస్తవం. కాని చర్మం పైపొరలో ఉన్న కాపలా లోపలి కీలులో అదే తీరులో లేదు. ప్యాచ్ టెస్టులో నికెల్ పాజిటివ్ అయిన వాళ్ళలో ఎక్కువమంది ఆ మోకాళ్ళతో హాయిగా నడుస్తున్నారు. అందరికీ ముందుగా ప్యాచ్ టెస్టు చేయాల్సిన పని లేదు. లోహం వల్ల ఒళ్ళంతా తీవ్రమైన ఎగ్జిమా వచ్చిన చరిత్ర ఉంటే ఎముకల డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పండి. టైటానియం, జిర్కోనియం పూత ఉన్న రకాలూ ఉన్నాయి.

11. చెవి కుట్టే రోజు

టీ-కణాలు ఒకసారి నేర్చుకున్నదాన్ని మరపించే మందు నా వృత్తికాలంలో రాలేదు, ఇప్పటికీ లేదు. కాబట్టి అన్నిటికంటే విలువైన జాగ్రత్త మొదటి పరిచయానికి ముందే తీసుకోవాలి. పచ్చి గాయంలో నికెల్ కాడ దిగిందంటే, కరగడానికి తడి ఉంది, ప్రమాద సంకేతానికి గాయం ఉంది, మోసుకుపోవడానికి కణాలు సిద్ధంగా ఉన్నాయి. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఈ అలర్జీ ఎన్నో రెట్లు ఎక్కువ ఉండటానికి ముఖ్య కారణం ఈ రంధ్రాలే. డెన్మార్క్‌లో నికెల్ చట్టం వచ్చాక చెవులు కుట్టించుకున్న ఆడపిల్లల్లో, అంతకుముందు కుట్టించుకున్నవాళ్ళకంటే అలర్జీ బాగా తగ్గింది.

మన కంసాలి సన్నటి బంగారు తీగతో కుట్టి అక్కడికక్కడే మెలితిప్పడం, తర్వాత వేపపుల్లో చీపురుపుల్లో పెట్టి రంధ్రం నిలపడం, ఈ లెక్కలో చూస్తే ఆధునిక వైద్యం వేలెత్తి చూపగలిగిన పద్ధతి కాదు. తీగను, చేతిని శుభ్రం చేయాలన్న ఒక్క షరతు తప్ప. ఇప్పుడు మాల్‌లో తుపాకీతో కుట్టి పెట్టే స్టడ్డు దేనితో చేశారో అడగండి. బంగారమో, టైటానియమో కావాలి. రంధ్రం పూర్తిగా మానడానికి ఆరు వారాలైనా పడుతుంది, అందాకా దాన్ని మార్చకండి. ‘ఫంక్షనుంది కదా’ అని మూడోవారంలో బుట్టలు తగిలించకండి.

ఇంకో చిన్న సంగతి. పళ్ళు సరిచేసే క్లిప్పుల తీగల్లో నికెల్ ఉంటుంది. చెవులు కుట్టించుకోకముందే ఆ క్లిప్పులు వేయించుకున్న పిల్లల్లో నికెల్ అలర్జీ తక్కువగా కనబడిందని యూరప్ అధ్యయనాలు కొన్ని చెబుతాయి. నోటి ద్వారా ముందుగా పరిచయమైన లోహాన్ని ఒళ్ళు సహిస్తుందని దానికి వివరణ. మన దగ్గర చెవులు చాలామందికి పసితనంలోనే కుడతారు కాబట్టి ఆ వరస కుదరదు. కాని పన్నెండేళ్ళ పిల్లకు క్లిప్పులు వేయించబోతూ, అదే సెలవుల్లో చెవి పైఅంచున రెండో రంధ్రం కూడా కుట్టిద్దామని ఎవరైనా అడిగితే, ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమంటాను. రెండో రంధ్రం మరో వేసవికి ఆగొచ్చు.